ఎర్ర బటన్ నొక్కే ముందు

మిక్సీ నడుస్తూ నడుస్తూ ఆగిపోతే చాలా ఇళ్లలో జరిగేది ఒక్కటే. నాబ్‌ను రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పుతారు. ప్లగ్గు పీకి మళ్లీ పెడతారు. పైన అరచేత్తో ఒక దెబ్బ వేస్తారు. అప్పటికీ కదలకపోతే "కాలిపోయింది" అని తేల్చేసి సంచిలో చుట్టి మూలన పెడతారు. ఉట్నూర్ లాంటి చోట ఆ సంచి వారాల తరబడి మూలనే ఉంటుంది. ఊళ్లో దొరకని సామాను కోసం ఇంద్రవెల్లి, గుడిహత్నూర్ దాటి ఆదిలాబాద్ పోవాలి. బస్సు కిరాయి, ఒక రోజు పని రెండూ పోతాయి. లోపలి గూడేల నుంచి వచ్చేవాళ్లకైతే ఉట్నూర్ దాకా రావడమే ఒక ప్రయాణం. తీరా షాపులో మెకానిక్ కింద ఉన్న చిన్న బటన్ నొక్కి "మంచిగనే ఉంది" అంటే ఎంత ఉసూరుమంటుందో చెప్పక్కర్లేదు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో మిక్సీకి ఏం పని అని మీకు అనిపించవచ్చు. కష్టం వచ్చినప్పుడు కంగారు పడకుండా కారణం వెతికే అలవాటు ఉపన్యాసాలు విన్నంత మాత్రాన రాదు. చేతికి అందే ఒక వస్తువు మీద సాధన చేస్తే వస్తుంది. ఇంకో మాట కూడా ఉంది. మన ఇళ్లలో మిక్సీని రోజూ వాడేది ఎక్కువగా ఆడవాళ్లు. అది చెడిందో లేదో తీర్పు చెప్పేది మాత్రం ఇంకెవరో. దాని చప్పుడు, వాసన, వేడి అన్నీ తెలిసిన మనిషిని వదిలేసి ఎన్నడూ దాన్ని ముట్టని మనిషిని అడగడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. ఈ అధ్యాయం ఆ వాడే మనిషి కోసమే.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. తనంతట తాను ఆగిన మిక్సీ చాలాసార్లు చెడిపోయి ఆగదు, చెడిపోకూడదని ఆగుతుంది. మిక్సీని బోర్లిస్తే అడుగున, కొన్నింటికి పక్కన లేదా వెనుక, వేలి కొస అంత బటన్ కనిపిస్తుంది. ఎక్కువగా ఎరుపు రంగులో ఉంటుంది. దాన్ని ఓవర్‌లోడ్ స్విచ్ అంటారు. దాని లోపల రెండు వేరు వేరు లోహాలు అతికించిన పలుచని రేకు ఉంటుంది. మోటారు లాగే కరెంటు హద్దు దాటితే ఆ రేకు వేడెక్కుతుంది. రెండు లోహాలూ ఒకే తీరుగా సాగవు కాబట్టి రేకు వంగుతుంది, వంగి కరెంటు దారిని తెంపేస్తుంది. బటన్ బయటికి పొడుచుకొస్తుంది. రేకు చల్లారి మళ్లీ తిన్నగా అయ్యేదాకా బటన్ నొక్కినా లోపల నిలవదు. తొందరపడి పదే పదే నొక్కేవాళ్లకు అది పాడైనట్టు కనిపించేది అందుకే.

కాబట్టి పద్ధతి ఇది. నాబ్ సున్నా మీదికి తేవాలి. ప్లగ్గు తీసేయాలి. జార్ దించాలి. పదిహేను ఇరవై నిమిషాలు, ఎండాకాలమైతే అరగంట, దాని జోలికి పోవద్దు. మే నెలలో ఆదిలాబాద్ జిల్లా ఎండలు నలభై డిగ్రీలు దాటినప్పుడు మిక్సీ పైపెంకు చల్లబడినట్టు తోచినా లోపలి రాగి తీగ అంత త్వరగా చల్లారదు. ఆ తర్వాతే బటన్ నొక్కాలి. "టక్" మని లోపల కూర్చుంటుంది.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు పని ఇక్కడే మొదలు. బటన్ ఎందుకు బయటికి వచ్చిందో తెలుసుకోకుండా నొక్కితే మళ్లీ వస్తుంది. నాలుగైదుసార్లు అలా అయ్యాక నిజంగానే తీగలు కాలతాయి. నిలవని బటన్‌ను లోపలికి అదిమి టేపు వేసి నడిపేవాళ్లు, ఆ స్విచ్‌ను తప్పించి నేరుగా వైర్లు కలిపించుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు. మిక్సీ పోవడమే కాదు, ఇంట్లో నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

మంచి మెకానిక్ స్క్రూడ్రైవర్ తీయడానికి ముందు నోరు తెరుస్తాడు.

"ఏం పడుతుంటే ఆగిందక్కా?"

"ఇప్పపువ్వు, పల్లీలు, బెల్లం."

"అన్నీ ఒక్కసారే ఏసినవా?"

"ఔ తమ్మీ, పెద్ద జార్‌ల."

"ఆగే ముందు చప్పుడు మారిందా?"

"ఊ… గుయ్యిమని గొంతు పట్టుకున్నట్టు అయింది. గప్పుడే ఆగింది."

ఈ నాలుగు మాటల్లో సగం రోగం తెలిసిపోయింది. ఏం వేశాం, ఎంత వేశాం, ఎంతసేపు నడిపాం, ఆగే ముందు ఏం వినిపించింది, ఏం వాసన వచ్చింది అన్నవే ప్రశ్నలు. ఇవి మెకానిక్ అడిగేదాకా ఆగక్కర్లేదు. మిక్సీ ఆగిన క్షణంలోనే మిమ్మల్ని మీరు అడగండి, జవాబు ఇంకా చెవిలోనే ఉంటుంది.

ఇప్పపువ్వు దగ్గర ఎందుకు ఆగుతుంది

ఇప్పపువ్వు ఉదాహరణ ఊరికే ఎత్తుకోలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున చెట్ల కింద రాలిన పువ్వును ఏరి, ఎండబెట్టి, ఏడాది పొడుగునా దాచుకోవడం ఈ ప్రాంతంలో తరాల అలవాటు. ఉట్నూర్‌లో ఆదివాసీ మహిళల సంఘం చేసే ఇప్పపువ్వు లడ్డూలకు ఇప్పుడు రాష్ట్రమంతా పేరుంది. ఆ పేరు విని ఇంట్లో చేసి చూద్దామనుకునేవాళ్లు పెరిగారు. ఇంటి మిక్సీకి ఇంతకంటే గట్టి పరీక్ష ఇంకోటి లేదని నా నమ్మకం.

ఎండిన ఇప్పపువ్వు చూడటానికి పొడిగానే ఉంటుంది. లోపల నిండా చక్కెర. బ్లేడు రాపిడికి కాస్త వేడెక్కగానే జిగురు తేలుతుంది. పల్లీలు నూనె వదులుతాయి. బెల్లం కరుగుతుంది. మూడూ కలిసి ముద్దయి బ్లేడుకు చుట్టుకుంటాయి. అప్పుడు జార్ పైభాగంలో పొడి కదలకుండా అట్టే ఉంటుంది, అడుగున ముద్ద మాత్రం బ్లేడును బిగించేస్తుంది. తిరగలేని మోటారు మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. లాగిన కరెంటంతా తిప్పడానికి పోకుండా వేడిగా మారుతుంది. ఆ గొంతు పట్టుకున్న చప్పుడు అదే. అది వినిపించిన మరుక్షణం నాబ్ సున్నాకు తిప్పితే బటన్ దాకా పోయే అవసరమే రాదు. మిక్సీ వాడే మనిషికి నేర్పాల్సిన మొదటి విద్య ఇదే అంటాను: వేరే పని చేసుకుంటున్నా చెవి మాత్రం మోటారు మీద ఉండాలి.

ఈ లడ్డూకు పిండి పట్టే తీరు మారిస్తే పాత 500 వాట్ల మిక్సీతో కూడా పని జరుగుతుంది. పువ్వును సన్నని మంట మీద దోరగా వేయించి పూర్తిగా ఆరనివ్వాలి. పల్లీలు కూడా అంతే, గోరువెచ్చగా ఉన్నా వేయొద్దు. ముందు పల్లీలు, నువ్వులు చిన్న జార్‌లో సగానికి మించకుండా వేసి బరకగా పట్టి తీసేయాలి. తర్వాత పువ్వు, గుప్పెడు గుప్పెడు. నాబ్‌ను ఎడమ వైపు, అంటే పల్స్ వైపు తిప్పి ఒక క్షణం ఉంచి వదలాలి. మళ్లీ తిప్పి వదలాలి. మధ్యలో ప్లగ్గు తీసి, మూత తెరిచి చెంచాతో అడుగు నుంచి కలపాలి. బెల్లం జార్‌లో వేయనే వద్దు, తురిమి బయట పళ్లెంలో చేత్తో కలపాలి. లడ్డూ రుచి ఏమీ తగ్గదు.

గట్టి దినుసుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పసుపు కొమ్ములు ఇంటి మిక్సీలో వేయకండి. బ్లేడు వంగుతుంది, జార్ అడుగున బుష్ వదులవుతుంది, ఒక్కోసారి మోటారు మీద ఉండి జార్ బ్లేడును తిప్పే కప్లర్ పళ్లు విరిగిపోతాయి. పసుపు, ఏడాది కారం, సకినాల పిండి ఇవన్నీ గిర్నీ పనులు. ఇంటి మిక్సీ పని పచ్చళ్లు, పొడులు, పూటకు సరిపడా రుబ్బులు. జొన్నలు రవ్వగా కావాలంటే కొంచెం కొంచెంగా పట్టొచ్చు, కానీ ఇంట్లో ఇసుర్రాయి ఉంటే గట్కకు దాని రవ్వే బాగుంటుంది.

కాలం, గాలి, కరెంటు

మిక్సీ అడుగున రేకు మీద వాట్లు, వోల్టులతోపాటు చాలావాటికి "30 మినిట్స్ రేటింగ్" అని రాసి ఉంటుంది. దాన్ని అరగంట ఏకధాటిగా నడపవచ్చని అర్థం చేసుకుని మోటార్లు కాల్చుకున్నవాళ్లు చాలామంది. దానితో వచ్చిన చిన్న పుస్తకం తెరిస్తే, మామూలుగా ఐదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపాలని, అలా ఆరు విడతలు అని ఉంటుంది. పొడి దినుసులైతే ఐదు నిమిషాలు కూడా ఎక్కువే. పెళ్లి పనికో పండక్కో ఇంటిల్లిపాదికీ ఒకేసారి రుబ్బేటప్పుడు ఈ లెక్క తప్పుతుంది.

గాలి సంగతి ఎవరూ పట్టించుకోరు. మిక్సీ చప్పుడు తగ్గాలని, గట్టు మీద జారకుండా ఉండాలని కింద మడతపెట్టిన తువ్వాలు వేస్తుంటారు. మిక్సీ అడుగున ఉన్న చీలికలు గాలి ఆడే దారులు. మోటారుకు బిగించిన చిన్న ఫ్యాన్ ఆ దారుల్లోంచే గాలి తిప్పి తీగలను చల్లార్చాలి. తువ్వాలు ఆ దారి మూసేస్తుంది. గట్టు మీద నేరుగా, నాలుగు రబ్బరు కాళ్ల మీద నిలబెట్టండి. ఆ చీలికల్లో పిండి, దుమ్ము పేరుకుంటే ప్లగ్గు తీసి పొడి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ వద్దు.

ఇక కరెంటు. సాయంత్రం పూట బల్బు మసకబారి, ఫ్యాన్ నెమ్మదించినప్పుడు మిక్సీ పెట్టకండి. వోల్టేజీ తగ్గితే మిక్సీ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే దానికి బిగించిన ఫ్యాన్ వేగం కూడా తగ్గుతుంది కాబట్టి చల్లార్చే గాలి తగ్గుతుంది. బ్లేడు మీద బరువు మాత్రం తగ్గలేదు కాబట్టి తీగల వేడి తగ్గదు. పైగా నీరసంగా తిరిగే బ్లేడు ముద్దలో తేలిగ్గా చిక్కుకుంటుంది. పొద్దున బాగా నడిచిన మిక్సీ అదే పచ్చడికి రాత్రి ఆగిపోతే ముందు అనుమానించాల్సింది మిక్సీని కాదు. వీధి అంతటా రోజూ ఇదే తీరైతే 1912కు ఫోన్ చేసి లో వోల్టేజీ అని ఫిర్యాదు రాయించండి, నంబరు తీసుకుని పెట్టుకోండి. ఒక్క ఇంటి ఫోన్ కంటే పది ఇళ్ల ఫోన్లకు విలువ ఎక్కువ.

750 వాట్ల మిక్సీ 230 వోల్టుల దగ్గర మూడు ఆంపియర్ల పైచిలుకు కరెంటు లాగుతుంది. ఇంట్లో ఉండే మామూలు 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలు. కానీ సాకెట్ వదులై ఉంటే అందులోనే నిప్పురవ్వలు వస్తాయి, మిక్సీ ఆగి ఆగి నడుస్తుంది. ఆగిన వెంటనే ప్లగ్గు పిన్నులు చూడండి. నల్లబడి ఉంటే, ప్లగ్గు చేతికి వేడిగా తగిలితే, రోగం గోడలో ఉంది. టీవీ, ఫోన్ ఛార్జర్లు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మిక్సీ పెట్టొద్దు. ఇన్వర్టర్ మీద నడిపితే మిక్సీ కాకుండా ఇన్వర్టరే చేతులెత్తేయవచ్చు.

బటన్ బయటికి రాకపోతే

బటన్ లోపలే ఉంది, ఇంట్లో కరెంటు ఉంది, అయినా ఆగింది. ఇప్పుడు వెతకడం కొంచెం లోతుకు పోతుంది.

ప్లగ్గు తీసి జార్‌ను బోర్లించండి. అడుగున పళ్ల చక్రం ఉంటుంది, దాన్ని వేళ్లతో తిప్పండి. లోపలి బ్లేడు పట్టుకోవద్దు. అది తేలిగ్గా తిరగాలి. బిగుసుకుపోయి కదలకపోతే జార్ బుష్‌లోకి నీళ్లో, పులిసిన పిండో దిగి పట్టేసిందన్నమాట. వానాకాలంలో, వాడి కడిగి మూత పెట్టి ఉంచిన జార్లకు ఇది సహజంగా వస్తుంది. రెండు చుక్కల కొబ్బరి నూనె ఇరుసు దగ్గర వేసి అటూ ఇటూ తిప్పితే ఎక్కువసార్లు విడుస్తుంది. విడవకపోతే జార్ ఒక్కటే రిపేరుకు ఇవ్వండి, మోటారును మోసుకుపోవాల్సిన పని లేదు. ఒక జార్‌తో ఆగి ఇంకో జార్‌తో హాయిగా నడిచిందంటే ఈ సంగతి ఇంకా తేలిక.

ఖాళీ జార్ పెట్టి ఒకటో నంబర్ మీద రెండు క్షణాలు తిప్పి ఆపండి. మోటారు తిరుగుతోంది, జార్‌లో బ్లేడు తిరగడం లేదు, కాలిన రబ్బరు వాసన వస్తోంది అంటే కప్లర్ అరిగింది. అది చిన్న ఖర్చు. ఒక్కోసారి నడిచి ఒక్కోసారి నడవకుండా, తట్టితే నడిచి, గాలి చీలికల్లోంచి పెద్ద పెద్ద మెరుపులు కనిపిస్తే కార్బన్ బ్రష్‌లు అరిగాయి. మోటారు తిరిగే భాగానికి రెండు వైపులా కరెంటు అందించే చిన్న కార్బన్ ముక్కలు అవి. వాటి వెనుక స్ప్రింగ్ ఉంటుంది. అరిగి పొట్టివైతే స్ప్రింగ్ తోయలేదు, కరెంటు అందీ అందక మోటారు తడబడుతుంది. పాత మిక్సీ అయిపోయిందని జనం పారేసేవాటిలో చాలావాటికి కావాల్సింది ఈ జత బ్రష్‌లే. కొన్ని మెరుపులు ఎప్పుడూ ఉంటాయి, వాటికి భయపడొద్దు. అవి మునుపటి కంటే పెరిగాయా అన్నదే చూడాల్సింది.

వార్నిష్ కాలిన ఘాటు వాసన, పొగ వచ్చాయంటే మాత్రం ఇక మీ చేతుల్లో లేదు. కొత్త మిక్సీకి మొదటి కొన్నిసార్లు ఆ వాసన పల్చగా రావడం మామూలే, పాతదానికి రాకూడదు. చేతికి చిన్న షాక్ కొట్టినా అంతే, అక్కడితో ఆపేయాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి వాడేవాళ్లు ఆ పిన్నే ప్రాణం కాపాడేదని తెలుసుకోవాలి. అయితే ఇంటికి ఎర్తింగ్ లేకపోతే అది ఉన్నా కాపాడలేదు. ఎర్తింగ్ వేయించుకోవడం ఏ మిక్సీ కొనడం కంటే ముందు చేయాల్సిన ఖర్చు.

బర్త్‌డే కేకులు ఇంట్లో చేసి అమ్ముకునే అమ్మాయిలు కొందరు గిన్నెలో పిండి కలిపే స్టాండ్ మిక్సర్ కొంటున్నారు. ఆగే కారణాలు దాదాపు ఇవే: గట్టి పిండి, ఎక్కువ పిండి, ఎక్కువ వేగం. రొట్టె పిండి లాంటిది కలిపేటప్పుడు రెండో స్పీడు దాటొద్దని ఆ మిక్సర్లు చేసే కిచెన్‌ఎయిడ్ కంపెనీ తన సూచనల్లోనే చెబుతుంది. ఒక తేడా మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. కొన్ని స్టాండ్ మిక్సర్లకు బయట బటన్ ఉండదు, లోపల వేడి తగ్గగానే వాటంతట అవే మళ్లీ మొదలవుతాయి. ఆగిందని గిన్నెలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకి తీరాలి.

మిక్సీ కథ మన దేశంలో ఆగిన మోటారుతోనే మొదలైందని గుర్తు చేయాలనిపిస్తుంది. బొంబాయిలో సీమెన్స్ ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ భార్య మాధురి దగ్గర జర్మనీ నుంచి వచ్చిన బ్రాన్ మిక్సర్ ఉండేది. అది పాడైంది, ఇక్కడ బాగుచేసే దారి దొరకలేదు. పండ్ల రసాలకు, మెత్తటి పదార్థాలకు తయారైన యంత్రం మన మసాలాలను, నానిన పప్పులను మోయలేకపోయింది. ఇంకోటి తెప్పించుకోవడంతో సరిపెట్టకుండా మాథుర్ మన రుబ్బుకు తగిన మోటారు తయారీకి పూనుకున్నారు. 1963లో అలా వచ్చిందే సుమీత్. ఈ రోజు మన గట్ల మీద ఉన్న మిక్సీలన్నీ ఏదో ఒక రకంగా దాని వారసులే. ఎందుకు ఆగింది అని ఒక ఇంట్లో పట్టుదలగా అడిగినందుకే మనకు రోటి దగ్గర గంటల పని తప్పింది.

షాపుకు పోవాల్సి వస్తే ఖాళీ చేతులతో పోకండి. ఆగినప్పుడు ఏం పట్టారు, ఎంతసేపు, ఏ చప్పుడు, ఏ వాసన, బటన్ వచ్చిందా లేదా అన్నది ఒక చీటీ మీద రాసుకోండి. జార్లన్నీ తీసుకుపొండి. వారంటీ ఇంకా ఉంటే బయటి మెకానిక్‌తో విప్పించొద్దు, బిల్లు పట్టుకుని కంపెనీ దారినే పొండి. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. వారంటీ దాటిపోతే "మోటారు పోయింది" అన్న ఒక్క మాటకు ఒప్పుకోవద్దు. ఆర్మేచరా (మోటారులో తిరిగే భాగం), ఫీల్డ్ కాయిలా (దాని చుట్టూ కదలకుండా ఉండే తీగచుట్ట), బ్రష్‌లా, స్విచ్చా అని పేరు పెట్టి అడగండి. ఆర్మేచర్ కాలితే అయ్యే ఖర్చును కొత్త మిక్సీ ధరతో పోల్చి చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ఏది మార్చినా పాత సామాను మీకు తిరిగి ఇవ్వమనండి, అడిగితే ఎవరూ కోపగించుకోరు. ఇంటికి తెచ్చాక మార్చిన సామాను పేరు, తేదీ ఒక కాగితం ముక్క మీద రాసి మిక్సీ పక్కకు అంటించండి. గాలి చీలికలకు, అడుగున రేకుకు అడ్డం పడకుండా చూసుకోండి.